పుస్తకం ఎప్పటిదో కాదు, రాసినాయన ఎప్పుడు పోయారో చూడండి: కాపీరైట్ లెక్క వేసుకోవడం ఎలా

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒకసారి నాకు అట్ట ఊడిపోయిన కథల పుస్తకం ఒకటి దొరికింది, లోపల పేజీలో 1938 అని ఉంది, వెల ఆరణాలు. ఎనభై ఏళ్ళు దాటిపోయింది, ఇంకేం కాపీరైట్ ఉంటుందిలే అనుకుని ఇంటికొచ్చి మైక్ పెట్టుకుని చదవడం మొదలెట్టా, నాకో చిన్న ఆడియో కథల ఛానల్ ఉంది లెండి. పదకొండు ఎపిసోడ్లు పెట్టేశా, పన్నెండోది ఎడిట్ చేస్తుంటే ఫోనొచ్చింది. "ఏవండీ, మా తాతగారి కథలు చదువుతున్నారట, బాగానే చదివారు, కానీ ఒక్క మాట అడిగుంటే బాగుండేది" అన్నారు అవతలాయన. తాతగారు ఆ పుస్తకం రాసింది పాతికేళ్ళ వయసులో, ఆ తర్వాత ఇంకో నలభై ఆరేళ్ళు బతికి 1984లో పోయారు. అంటే ఆ కథల మీద హక్కు 2044 డిసెంబర్ 31 దాకా వాళ్ళ కుటుంబానిదే. పదకొండూ ఆ రాత్రే తీసేశా. వచ్చిన కోపమంతా నా మీద నాకే.

ఆ దెబ్బతో కూర్చుని చట్టం చదివా, తెలిసినవాళ్ళని అడిగా, ఇప్పుడు ఏ పాత కథ ముట్టుకున్నా ముందు లెక్క వేసుకుంటా. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, డబ్బులు పెట్టి పుస్తకం వేసే పనైతే లాయర్ని ఒకసారి అడగండి, కానీ తొంభై శాతం సందేహాలు మీరే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం నడుస్తోంది, అది అమల్లోకొచ్చింది 1958 జనవరిలో. దాని ప్రకారం కథ, కవిత, నవల, నాటకం, పాట సాహిత్యం, సంగీతం, బొమ్మ, వీటన్నిటికీ రాసినవాళ్ళు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఆ 60 ఏళ్ళు చనిపోయిన రోజు నుంచి లెక్కపెట్టరు, ఆ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి పెడతారు. అందుకే నేను ఒక కిటుకు పెట్టుకున్నా, రచయిత పోయిన సంవత్సరానికి 61 కలిపితే ఏ ఏడాది జనవరి 1న ఆ రచన అందరిదీ (పబ్లిక్ డొమైన్ అంటారు దీన్నే) అవుతుందో వచ్చేస్తుంది. నెల, తేదీ, తిథి ఏవీ అక్కర్లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు, 61 కలిపితే 2019. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారు 1961, కాబట్టి 2022. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953, 2014. అంబేడ్కర్ 1956, 2017. నెహ్రూ 1964, కాబట్టి 2025. గురజాడ 1915లోనే పోయారు, కందుకూరి 1919లో, వాళ్ళ సంగతి ఆలోచించే పనే లేదు.

ఇక ఇటు వైపు చూడండి, చాలామంది ఫ్రీ అనుకుని వాడేసేవాళ్ళ పేర్లు. జాషువా గారు 1971, అంటే 2032 దాకా ఆగాలి. విశ్వనాథ 1976, 2037. చలం 1979, 2040. కృష్ణశాస్త్రి గారూ కొడవటిగంటి కుటుంబరావు గారూ ఇద్దరూ 1980లోనే, 2041. శ్రీశ్రీ 1983, 2044. స్కూళ్ళలో పాడే మా తెలుగు తల్లికి పాట రాసిన శంకరంబాడి సుందరాచారి గారు పోయింది 1977లో, అంటే అదీ 2038 దాకా కాపీరైట్‌లోనే ఉంది, స్కూల్లో పిల్లలు పాడితే చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు గానీ దాన్ని మీ ఆల్బమ్‌లో వేసి అమ్ముకుంటానంటే అది వేరే కథ. ఊరంతా పాడుతున్నంత మాత్రాన ఊరందరిదీ అయిపోదు.

మొదట్లో ఈ 60 అనేది 50గా ఉండేది. టాగోర్ పోయింది 1941లో, ఆయన రచనల కాపీరైట్ 1991 ఆఖరుకి అయిపోవాలి, సరిగ్గా ఆ టైమ్‌కి ప్రభుత్వం పదేళ్ళు పెంచేసింది, 1992 సవరణ అంటారు దాన్ని. దాంతో టాగోర్ 2002 దాకా ఆగారు. ఆయన ఒక్కడి కోసం జరిగిన పని మన రచయితలందరికీ పదేళ్ళు తెచ్చిపెట్టింది. పాత పుస్తకాల్లో, పాత వ్యాసాల్లో యాభై ఏళ్ళు అని కనిపిస్తే అది ఈ మార్పు రాకముందు రాసిందని అర్థం, దాన్ని పట్టుకుని లెక్క వేయకండి.

ఇద్దరు కలిసి రాస్తే? దీనికి మన దగ్గర తిరుపతి వెంకట కవుల కన్నా మంచి ఉదాహరణ దొరకదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1920లోనే పోయారు, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి గారు ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికి 1950లో పోయారు. జంటగా రాసినదానికి ఆఖరున పోయినవాళ్ళ సంవత్సరం తీసుకోవాలి, అంటే 1950కి 61 కలిపి 2011. కాబట్టి పాండవోద్యోగ విజయాల్లో పద్యాలు ఇప్పుడు హాయిగా పాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కానీ ఆ పద్యాలు ఎవరో స్టేజీ నటుడు పాడిన రికార్డు తీసుకొచ్చి పెడితే ఆ రికార్డుకి లెక్క వేరే.

నన్నడిగితే అన్నిటికన్నా మెలిక ఉన్నది రచయిత పోయాక అచ్చయిన పుస్తకం. బతికుండగా ఎక్కడా బయటికి రాని రచన పోయాక మొదటిసారి అచ్చయితే, ఆ అచ్చయిన సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. అంబేడ్కర్ బుద్ధుడి మీద రాసిన పెద్ద పుస్తకం ఆయన పోయిన మరుసటేడు 1957లో వచ్చింది, కాబట్టి మిగతా వాటిలా 2017 కాదు, 2018. అక్కడ ఒక్క ఏడాదే తేడా. మన తిలక్ విషయానికి రండి. దేవరకొండ బాలగంగాధర తిలక్ గారు 1966లో పోయారు, అమృతం కురిసిన రాత్రి పుస్తకంగా వచ్చింది 1968లో. ఇప్పుడు లెక్క 1966 నుంచా 1968 నుంచా? పుస్తకం మొత్తానికి కలిపి ఒక్క జవాబు రాదు. ఆయన బతికుండగా పత్రికల్లో వచ్చేసిన కవితలకి మామూలు రూలే, 2027 జనవరి 1. పుస్తకంలోనే మొదటిసారి కనిపించిన కవిత ఏదైనా ఉంటే దానికి 2029. కాబట్టి ఒక్కో కవిత పాత పత్రికల్లో వచ్చిందో లేదో వెతకాలి, ఓపిక లేకపోతే 2029 దాకా ఆగి మొత్తం ఒకేసారి తీసుకోవడం సుఖం. నేనైతే రెండోదే చేస్తా.

పేరు లేకుండా, మారుపేరుతో వచ్చినవి ఇంకో రకం. అసలు ఎవరు రాశారో లోకానికి తెలియకపోతే అచ్చయిన సంవత్సరానికి 61. ఆ గడువు లోపల అసలు పేరు బయటపడితే మళ్ళీ మామూలు రూల్‌కే వచ్చేస్తుంది. మనకి మారుపేర్ల రచయితలు బోలెడు మంది గానీ అసలు పేరు అందరికీ తెలిసిన మారుపేరుకి ఈ రూల్ పనికిరాదు, శ్రీశ్రీ అని సంతకం పెట్టినంత మాత్రాన శ్రీరంగం శ్రీనివాసరావు గారు తెలియనివారైపోరు కదా.

సినిమాల దగ్గర జనం ఎక్కువ బోల్తా పడతారు, నేనూ పడబోయి ఆగా. సినిమాకీ, సౌండ్ రికార్డింగ్‌కీ ఎవరి చావుతోనూ పనిలేదు, రిలీజైన సంవత్సరానికి 61 కలపడమే. పాతాళభైరవి 1951, కాబట్టి 2012. మాయాబజార్ 1957, కాబట్టి 2018. హమ్మయ్య, అయితే అహ నా పెళ్ళియంట పాట తీసి నా వీడియోలో పెట్టుకోవచ్చా అంటే, ఆగండి. సినిమాగా, రికార్డింగ్‌గా దాని గడువు అయిపోయింది నిజమే. కానీ ఆ పాట రాసింది పింగళి నాగేంద్రరావు గారు, ఆయన పోయింది 1971లో, సాహిత్యం 2032 దాకా కాపీరైట్‌లో ఉంది. సంగీతం ఘంటసాల గారి పేరు మీద ఉంది, ఆయన 1974, అంటే 2035. అందులో కొన్ని పాటలకి మొదట బాణీ కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు, ఆయన 1999 దాకా ఉన్నారు, ఆయన బాణీలకి 2060. సినిమా కాపీరైట్ అయిపోయినంత మాత్రాన దాని లోపల ఉన్న పాటలు, మాటలు, బాణీల కాపీరైట్‌కి ఏమీ కాదని చట్టంలోనే రాసుంది. ఆ రోజుల్లో ఆ హక్కులు ప్రొడ్యూసర్ చేతికి వెళ్ళుండొచ్చు, ఇంకెవరికో అమ్ముడై ఉండొచ్చు, అంటే అడగాల్సిన మనిషి మారతాడు, గడువు మాత్రం రాసినవాళ్ళ చావు నుంచే. పైగా 2010లో రంగులద్ది రిలీజ్ చేశారు, ఆ రంగుల ప్రింట్‌ని 1957 లెక్కలో కలిపేసుకుని ధైర్యం చేయకండి, వాడాలంటే నలుపు తెలుపుదే చూసుకోండి.

అందుకని నేను చేసే పని ఏంటంటే, ఏదైనా తీసుకునే ముందు ఒక కాగితం మీద ఇందులో ఎవరెవరి చెయ్యి ఉంది అని రాసుకుంటా. ఉల్లిపాయ ఒలిచినట్టు పొర పొర విడదీయడమే. పాత కథల పుస్తకం అనుకోండి, కథ ఒకరిది, ముందుమాట ఇంకొకరిది, కింద ఫుట్‌నోట్లు సంపాదకుడివి, అట్ట మీద బొమ్మ బాపు గారిది, వెనక రచయిత ఫొటో ఏ స్టూడియో ఆయనదో. కథ ఫ్రీ అయిపోయి ఉండొచ్చు, కానీ బాపు గారు 2014లో పోయారు, ఆ బొమ్మ 2075 దాకా ఆయన కుటుంబానిది, కాబట్టి థంబ్‌నెయిల్‌కి ఆ అట్ట స్కాన్ చేసి పెట్టకండి. ఫొటోలకి ఇదివరకు అచ్చయిన ఏడాది నుంచి లెక్క ఉండేది, 2012 సవరణతో అదీ తీసిన మనిషి జీవితం ప్లస్ 60 అయ్యింది. మా తాత ఆల్బమ్‌లో ఫొటోనే కదా అనుకున్నా సరే, తీసింది ఎవరో చూడాలి.

అన్నమయ్య కీర్తనల దగ్గర ఈ పొరల సంగతి ఇంకా బాగా తెలిసొస్తుంది. మా మేనకోడలు ఒక కీర్తన పాడితే ముచ్చటపడి అప్‌లోడ్ చేశా, సాయంత్రానికల్లా ఇది మాదే అంటూ ఒక ఆడియో కంపెనీ నుంచి క్లెయిమ్. అయిదు వందల ఏళ్ళ కిందటి పాటకి క్లెయిమ్ ఏంటని చిందులేశా. తర్వాత అర్థమైంది, పిల్ల పాడింది నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ మీద, ఆ ట్రాక్ వాళ్ళది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది, అన్నమయ్య 1503లో పోయారు, సాహిత్యం ఎవరిదీ కాదు అందరిదీ, కానీ రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరాలు లేవు, మనం ఇప్పుడు వింటున్న బాణీలు చాలావరకు పోయిన శతాబ్దంలో విద్వాంసులు కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు ఎన్నో కీర్తనలకి స్వరం కట్టారు, ఆయన పోయింది 1979లో, ఆ బాణీలు 2040 దాకా. అదే త్యాగరాజ కృతి అయితే సాహిత్యమూ బాణీ రెండూ ఆయనవే, పోయింది 1847లో, మీరు సొంతగా తంబురా పెట్టుకుని పాడుకుంటే ఎవరూ అడ్డం రాకూడదు. ఎవరైనా ఆటోమేటిక్‌గా క్లెయిమ్ పెడితే డిస్ప్యూట్ కొట్టి ఇదే రాయండి, సాహిత్యం బాణీ పబ్లిక్ డొమైన్, గొంతు నాది, వాద్యం నాది అని. అన్నమయ్య పాట పెట్టాలంటే మాత్రం బాణీ కూడా సొంతగా కట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

అనువాదాలూ అంతే. షెర్లాక్ హోమ్స్ రాసిన కానన్ డాయిల్ 1930లో పోయాడు, ఇంగ్లీష్ కథలు ఎవరైనా వాడుకోవచ్చు, మీరే తెలుగు చేసుకుంటే ఆ తెలుగు మీ సొంతం, దాని మీద కొత్త కాపీరైట్ మీకే వస్తుంది. కానీ ఎనభైల్లో ఎవరో చేసిన తెలుగు అనువాదం తీసుకుంటే అది ఆ అనువాదకుడిది. సోవియట్ పుస్తకాల మీద మనవాళ్ళకి ఒక నమ్మకం ఉంది, ఆ దేశమే లేదు ఇంకా కాపీరైట్ ఎక్కడిది అని. దేశం పోయినా అనువాదం చేసిన మనిషి మన మనిషే కదా, మాస్కోలో కూర్చుని అనువాదాలు చేసిన ఉప్పల లక్ష్మణరావు గారు పోయింది 1985లో. మూలం రాసిన టాల్‌స్టాయ్ 1910లో పోయినా తెలుగు మాటలు ఆయనవి కావు.

చిన్న చిన్న అపోహలు కొన్ని గబగబా చెప్పేస్తా. పాత పుస్తకాల్లో సర్వస్వామ్య సంకలితము అని వేసేవాళ్ళు, ఆ లైన్ లేనంత మాత్రాన ఫ్రీ అని కాదు, మన చట్టంలో రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, రాసిన క్షణమే హక్కు పుడుతుంది. పుస్తకం ముప్పై ఏళ్ళుగా మార్కెట్లో లేదు అనేది కూడా లెక్కలోకి రాదు. ముప్పై సెకన్లు వాడుకోవచ్చు అనే రూల్ ఎక్కడా లేదు, విమర్శకో సమీక్షకో కావాల్సినంత ఉదహరించుకోవచ్చు, అది వేరే. కోర్టు తీర్పులు అచ్చు వేసుకోవడానికి అనుమతి ఉంది, చట్టాలకైతే పక్కన వ్యాఖ్యానమో సొంత రాతో జత చేసి వేసుకోవాలి, మిగతా సర్కారు ప్రచురణలకి అచ్చయిన ఏడాదికి 61. ఆర్కైవ్ సైట్లలో స్కాన్ దొరికింది కాబట్టి పబ్లిక్ డొమైన్ అనుకోవద్దు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన వాటిలో ఇంకా కాపీరైట్ ఉన్నవి చాలా ఉన్నాయి. వికీపీడియాలో ఉన్నది కూడా పబ్లిక్ డొమైన్ కాదు, షరతులతో ఇచ్చింది, మూలం చెప్పాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ పుస్తకం వేయాలనుకుంటే ఈ 61 లెక్క సరిపోదు. పాత ప్రచురణలకి వాళ్ళ లెక్క అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు. 1996 జనవరి 1 నాటికి ఇండియాలో కాపీరైట్ ఇంకా ఉన్న పుస్తకాలకి అక్కడ కూడా ఆ రక్షణ ఇచ్చారు. శ్రీపాద వారి కథ ఒకటి 1935లో అచ్చయిందనుకుందాం, ఇక్కడ 2022 నుంచే ఫ్రీ, అక్కడ మాత్రం 2031 దాకా ఆగాలి. గురజాడ గారి కన్యాశుల్కం 1897, మార్చి రాసిన రెండో కూర్పు 1909, కాబట్టి దానికి అక్కడా ఇక్కడా ఇబ్బంది లేదు.

ఇంతకీ రచయిత పోయిన సంవత్సరం ఎక్కడ చూడాలి అంటారా? తెలుగు వికీపీడియా ఒకటే చూసి ఊరుకోకండి, రచయిత సమగ్ర సంకలనం ఏదైనా ఉంటే దాని మొదట్లో జీవిత విశేషాలు వేస్తారు, అది చూడండి, రెండూ కలిస్తే సరే. కలవకపోతే వెనకటి సంవత్సరం మనకి లాభంగా కనిపిస్తుంది గానీ తర్వాతి సంవత్సరమే తీసుకోండి. పబ్లిక్ డొమైన్ అయ్యాక కూడా రచయిత పేరు తీసేసి మన పేరు పెట్టుకోకూడదు, కథని కంగాళీ చేసి ఆయన పరువు తీయకూడదు, ఆ హక్కు గడువుతో పోయేది కాదు, వారసులు అడగొచ్చు.

గడువు కాలేదని తేలితే మానేయాల్సిన పనిలేదు, అడగండి. మొదట పబ్లిషర్‌ని, వాళ్ళు మాకు తెలీదంటే కుటుంబాన్ని. వారసులు ముగ్గురు నలుగురు ఉంటే ఒక్కరి మాట చాలదు, తక్కిన వాళ్ళకీ తెలుసా అని మెల్లగా కనుక్కోండి. ఏం చేసినా రాతలో ఉండాలి, ఫోన్లో సరే అన్నారు అనేది రేపు పనికిరాదు. నేను పంపే మెసేజ్‌లో కథ పేరు, అచ్చు కాదు ఆడియో మాత్రమే అన్న మాట, ఎన్నేళ్ళకి, ఎక్కడ పెడతాను, డబ్బులు వస్తే ఎంత వాటా, ఇవి ఉంటాయి. ముఖ్యంగా ఎన్నేళ్ళు అనేది మర్చిపోకండి, హక్కులు రాసిచ్చే ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగానే చూస్తుంది.

ఆ 1984 తాతగారి మనవడికి కూడా ఏడాది తర్వాత అలాంటి మెసేజే పెట్టా. పదకొండు కథల్లో నాలుగింటికి ఒప్పుకున్నారు, పదేళ్ళకి, ఒక షరతు మీద, ప్రతి ఎపిసోడ్ మొదట్లో తాతగారి పేరుతో పాటు ఆయన ఊరి పేరు కూడా చెప్పాలని. చెప్తున్నా.